పాత స్ప్లెండర్‌కి ఇంటి దగ్గరే కరెంటు మోటారు బిగించుకోవచ్చా?

మీరు అడిగింది టూకీగా ఇది. నాన్నగారి 2007 హీరో హోండా స్ప్లెండర్ ప్లస్ ఉంది, పొగ కొడుతోంది. అల్లూరు మండలంలోని మీ ఊరి నుంచి రొయ్యల చెరువుల దగ్గరికి రానూపోనూ రోజుకు 36 కిలోమీటర్లు తిరుగుతారు. వీడియోల్లో 40 వేలకే మోటారూ బ్యాటరీ బిగించి నడిపేస్తున్నారు కాబట్టి ఇంటి దగ్గరే మనమూ చేసుకోవచ్చా, చార్జింగ్‌కి ఎంత దూరం వస్తుంది, పోలీసులు ఆపితే ఏమిటి?

చేయొచ్చు. కానీ 40 వేలల్లో కాదు, లక్షకు కాస్త అటూఇటూ అవుతుంది. 60 నుంచి 75 కిలోమీటర్లు వస్తుంది. విడి సామాన్లు కొని మీ అంతట మీరు బిగించిన బండి మాత్రం మీ సొంత చెరువు గట్టు మీద తిరగడానికే. రోడ్డు ఎక్కాలంటే అనుమతి ఉన్న కిట్ వేయించి, ఆర్సీలో మార్పించుకోవాలి.

నాకు కావలిలో మోటారు రివైండింగ్ షాపు ఉంది. ఇరవై రెండేళ్లుగా చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోటార్లు, బోరు మోటార్లు చుడుతున్నాను. 2019లో సరదాకి నా పాత బండితో మొదలుపెట్టి ఇప్పటికి ఏడు బండ్లు మార్చాను. వాటిలో రెండు చెడగొట్టాను. కింద చెప్పేదాంట్లో ఎక్కువ భాగం ఆ రెండూ నేర్పినదే.

ముందు డబ్బు లెక్క చూద్దాం, ఎందుకంటే చాలామంది ఆదా అవుతుందనే ఇందులోకి దిగుతారు. రోజుకు 36 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు అనుకుంటే 10,800 కిలోమీటర్లు. పొగ కొట్టే ఇంజిన్ లీటరుకు 50 ఇస్తుందనుకుందాం. 216 లీటర్లు, లీటరు 110 చొప్పున 23,760 రూపాయలు. అదే కరెంటు అయితే చార్జర్‌లో పోయేది కూడా కలిపి కిలోమీటరుకు 40 వాట్ అవర్లు పడుతుంది (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్), ఏడాదికి 432 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు వేసుకుంటే మూడు వేల పైచిలుకు. అంటే ఏడాదికి ఇరవై వేల దాకా మిగులుతుంది. ఆయిలు, ప్లగ్గు, క్లచ్ కేబుల్ లాంటి చిల్లర ఖర్చులు పోతాయి కాబట్టి ఇంకో రెండు వేలు కలుపుకోండి. పెట్టిన లక్ష తిరిగి రావడానికి నాలుగున్నరేళ్లు.

మీ తిరుగుడుకి అది పర్వాలేదు. రోజుకు పది పదిహేను కిలోమీటర్లు తిరిగేవాళ్లు నా షాపుకి వస్తే మాత్రం నేను చెప్పే మాట ఒకటే: ఏడెనిమిది వేలు పెట్టి బోరు చేయించి, పిస్టనూ రింగులూ మార్చుకుని హాయిగా తిరగండి. స్ప్లెండర్ ఇంజిన్ దానికి కాదనదు. అదే లక్షకు కొత్త ఎలక్ట్రిక్ స్కూటరే వస్తుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటా నిజమే. కాకపోతే చెరువు గట్టు మీద, వాన పడ్డ ఒండ్రులో, పన్నెండు అంగుళాల చక్రాల స్కూటర్ నడిపి చూసినవాళ్లకి పద్దెనిమిది అంగుళాల చక్రం విలువ తెలుస్తుంది. పైగా అది నాన్నగారి బండి అన్నారు. ఆ లెక్క నేను వేయలేను.

ఇప్పుడు పోలీసుల సంగతి. దీన్ని జనం తేలిగ్గా తీసుకుంటున్నారు. నేనూ మొదటి రెండు బండ్లప్పుడు అలాగే తీసుకున్నాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. మార్చాలంటే ఆమోదం పొందిన కిట్‌తోనే మార్చాలి. పెట్రోలు బండిని పూర్తి ఎలక్ట్రిక్‌గా మార్చే కిట్లకు ఏఐఎస్ 123 అనే ప్రమాణం ఉంది. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తాయి. ఆ సర్టిఫికెట్ ఫలానా రకం బండికి అని ఉంటుంది. స్ప్లెండర్ కిట్ తెచ్చి ఇంకో బండికి వేస్తే చెల్లదు. అనుమతి లేకుండా మారిస్తే సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జైలు దాకా వెళ్లినవాళ్లను నేను చూడలేదు గానీ, అసలు భయపడాల్సింది ఇన్సూరెన్స్ గురించి. ఆర్సీలో పెట్రోలు అని ఉండి, బండిలో బ్యాటరీ ఉండి, మీరు ఎవరినైనా గుద్దితే క్లెయిమ్ నిలబడకపోవచ్చు. ఆ డబ్బు మీ చెరువు అమ్మి కట్టాల్సి రావచ్చు.

స్ప్లెండర్‌కి అనుమతి ఉన్న కిట్ దొరకడం మీ అదృష్టం. థానేకి చెందిన గోగోఏ1 అనే కంపెనీ 2021లో తెచ్చింది. బ్యాటరీ కాకుండా 35 వేల రూపాయలు, పైన జీఎస్టీ అని అప్పట్లో వార్తల్లో వచ్చింది. ఏ కంపెనీ కిట్ అయినా కొనేముందు మూడు అడగండి: మీ మోడల్ పేరు ఉన్న ఆమోద పత్రం నకలు, మన వైపు దాన్ని బిగించే అధికారం ఎవరికి ఉంది, ఆర్టీవో కాగితాలు వాళ్లు చేయిస్తారా మీరే తిరగాలా. ఇంకోటి, మీ బండి 2007ది అంటే 2022లోనే పదిహేనేళ్లు నిండాయి. ఆర్సీ రెన్యువల్ చేయించారా? చేయించకపోతే ముందు ఆ పని. ప్రాణం లేని ఆర్సీలో మోటారు ఎక్కించమంటే ఎక్కించరు. 25 కిలోమీటర్ల లోపు వేగం, 250 వాట్ల మోటారు అయితే రిజిస్ట్రేషనే అక్కర్లేదు కదా అని ఒకరిద్దరు నాతో వాదించారు. ఆ మినహాయింపు బరువు 60 కిలోల లోపు ఉండే చిన్న బండ్లకి. స్ప్లెండర్ ఒళ్లే నూటపది కిలోలు.

సరే, కిట్ కొన్నా విడి సామాన్లు కొన్నా సగం డబ్బు పోయేదీ, సగం తలనొప్పి వచ్చేదీ బ్యాటరీతోనే. అందుకని ఇక్కడ కాస్త ఆగుదాం.

నేను సిఫారసు చేసేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, షాపుల్లో ఎల్ఎఫ్‌పీ అంటారు. ఒక్కో సెల్లు 3.2 వోల్టులు, 24 సెల్లులు వరసగా కలిపితే 76.8 వోల్టులు. దాన్నే అందరూ 72 వోల్ట్ ప్యాక్ అంటారు. 40 ఆంపియర్ అవర్లది తీసుకుంటే మూడు యూనిట్ల కరెంటు పట్టినట్టు. మూడు యూనిట్లంటే ఎంతో తెలుసా? పెట్రోలు లెక్కలో చెప్పాలంటే రెండు క్వార్టర్ సీసాలకు కాస్త తక్కువ. లీటరు పెట్రోలులో తొమ్మిది యూనిట్ల దాకా శక్తి ఉంటుంది మరి. ఇంజిన్ దాంట్లో ముప్పాతిక వంతు వేడిగా గాలికి వదిలేస్తుంది, మోటారు అలా వదలదు, అందుకే ఆ రెండు సీసాలతోనే డెబ్బై కిలోమీటర్లు పోగలుగుతున్నాం. కానీ చేతిలో ఉన్నది రెండు సీసాలే అని గుర్తుంటే వీడియోల్లో చెప్పే 150, 200 కిలోమీటర్ల మాటలు మీరు నమ్మరు.

నా బండ్లలో మీటర్ పెట్టి చూసిన లెక్క: ఒక్కరే కూర్చుని గంటకు 45 వేగంతో పోతే కిలోమీటరుకు 35 వాట్ అవర్లు. వెనక మనిషో, మేత బస్తానో ఉండి 55లో పోతే 45. హైవే మీద ఎదురుగాలిలో ఇంకా ఎక్కువ. మూడు యూనిట్లలో 2.7 వాడుకుని మిగతాది అడుగున ఉంచితే మొదటి లెక్కకి 75, రెండో లెక్కకి 60 కిలోమీటర్లు. మీ 36కి సగం బ్యాటరీ అయిపోతుంది. రోజూ పూర్తిగా ఖాళీ చేయకపోవడం బ్యాటరీ వయసుకీ మంచిదే.

ఎల్ఎఫ్‌పీనే ఎందుకంటే మన ఎండలు. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద నిలబెట్టిన బండి సీటు మీద చెయ్యి పెట్టి చూశారా? ఎన్ఎంసీ అనే ఇంకో రకం లిథియం తేలిగ్గా ఉంటుంది, అదే బరువుకి ఎక్కువ దూరం ఇస్తుంది, కానీ వేడికి త్వరగా అదుపు తప్పుతుంది. 2022లో దేశమంతా ఎలక్ట్రిక్ స్కూటర్లు తగలబడ్డాక బ్యాటరీ భద్రత ప్రమాణం ఏఐఎస్ 156ని గట్టిగా బిగించారు. ఆ ఏడాది డిసెంబరు 1న కొన్ని నిబంధనలు, 2023 మార్చి 31న మిగతావి అమల్లోకి వచ్చాయి. దాని ప్రకారం పరీక్షించిన ప్యాక్ కాస్త ఖరీదెక్కువ. ఆ ఎక్కువ డబ్బు పెట్టండి. నేను చివరిసారి తెప్పించిన మూడు యూనిట్ల ప్యాక్ 48 వేలు పడింది.

లెడ్ యాసిడ్ వైపు చూడనే వద్దు. నా మొదటి బండికి అవే వేశాను, 12 వోల్టులవి నాలుగు. నలభై కిలోల పైన బరువు. మొదటి నెల 28 కిలోమీటర్లు వచ్చింది. ఎనిమిదో నెలకి 12. కావలి నుంచి బిట్రగుంట పోయి తిరిగి రాలేక దోవలో ఒక టీ కొట్టులో గంటసేపు చార్జింగ్ పెట్టుకున్నాను. కొట్టాయన టీకి డబ్బు తీసుకున్నాడు గానీ కరెంటుకి తీసుకోలేదు.

పాత సెల్లులతో కట్టిన ప్యాకులు అంతకంటే ప్రమాదం. ఒంగోలు వైపు నుంచి ఒక కుర్రాడు, "అన్నా, 18 వేలకే దొరికింది" అని ఒక ప్యాక్ తెచ్చాడు. విప్పి చూస్తే లాప్‌టాప్‌ల్లోంచి ఊడదీసిన సెల్లులు, ఒక వరస 4.1 వోల్టులు, దాని పక్క వరస 2.1. "దీన్ని ముట్టుకోవద్దు" అన్నాను. "ఒక్కసారి చార్జింగ్ పెట్టి చూద్దామన్నా" అన్నాడు. పెరట్లో పెట్టాం. నలభై నిమిషాలకి ఒక మూల బుస్సుమని పొగ. కర్రతో ఖాళీ స్థలంలోకి నెట్టి, చాలాసేపు పైపుతో నీళ్లు కొడుతూ కూర్చున్నాం. ఆరింది అనుకుంటే మళ్లీ రేగేది. అదే పడగ్గదిలో పెట్టుకుని ఉంటే అన్న ఆలోచన నాకు ఇప్పటికీ రాత్రిళ్లు వస్తుంది.

బ్యాటరీలో ఉండే బీఎంఎస్, అంటే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ గురించి ఒక మాట. అది కాపలాదారు. బ్యాటరీ నుంచి మోటారుకి ఎంత కరెంటు పోవాలో చూసే పెట్టెని కంట్రోలర్ అంటారు. అది 50 ఆంపియర్లు లాగేదై, బీఎంఎస్ 30 ఆంపియర్లదైతే, ఎత్తు ఎక్కేటప్పుడు థ్రాటిల్ తిప్పగానే కాపలాదారు తలుపు మూసేస్తాడు. బండి నడిరోడ్డు మీద చచ్చిపోతుంది. తాళంచెవి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే వస్తుంది. "మోటారు పోయిందన్నా" అని నా దగ్గరికి వచ్చిన వాటిలో సగం ఇదే. కంట్రోలర్ 40 అయితే బీఎంఎస్ 60 తీసుకోండి, దాని కింద సరిపెట్టకండి. అలాగే 24 సెల్లుల ప్యాక్ నిండుగా ఉన్నప్పుడు 87.6 వోల్టులు ఉంటుంది. కంట్రోలర్ 90 దాకా తట్టుకుంటుందా అని కొనేముందే చూసుకోండి.

ఇక మోటారు. నా వృత్తే అది కాబట్టి ఎక్కువ మాట్లాడతానని అనుకుంటారేమో, నిజానికి బండిలో నన్ను తక్కువ ఏడిపించేది మోటారే. రెండు దారులున్నాయి. వెనక చక్రంలోనే మోటారు ఉండే హబ్ మోటారు ఒకటి. ఇంజిన్ ఉన్నచోట మోటారు పెట్టి పాత చైన్‌తో చక్రం తిప్పడం రెండోది. మీకు ఉన్నదంతా చదును నేల, హబ్ మోటారు చాలు, 2 కిలోవాట్లది. ఆమోదం పొందిన కిట్ కూడా ఈ రకమే. చీమకుర్తి క్వారీల్లో దిగీ ఎక్కీ తిరిగే ఒకాయనకి మాత్రం చైన్ రకం చేసి ఇచ్చాను, అది క్వారీ లోపలే తిరుగుతుంది. ఏటవాలులో నెమ్మదిగా బరువు లాగేటప్పుడు హబ్ మోటారు వేడెక్కిపోతుంది, చైన్ రకంలో పళ్ల లెక్క మార్చుకుని ఆ బాధ తప్పించుకోవచ్చు.

కొన్న మోటారు మంచిదో కాదో షాపులోనే తెలుసుకునే చిట్కా చెప్తాను. మూడు లావు తీగలు ఒకదానికొకటి తగలకుండా విడదీసి చక్రం తిప్పండి. తేలిగ్గా తిరగాలి. వాటిలో ఏ రెండు కలిపి పట్టుకుని తిప్పినా చక్రం మొరాయించాలి. విడిగా ఉన్నా మొరాయిస్తే లోపల చుట్ట కాలిందని అర్థం. మోటారు లోపల ఉండి, చక్రం ఎక్కడ ఉందో సన్న తీగల ద్వారా కంట్రోలర్‌కి చెప్పే హాల్ సెన్సర్లు మాత్రం ముందు పోతాయి. అవి పోతే బండి ముందుకు పోకుండా నిలబడ్డచోటే గజగజ వణుకుతుంది. మోటారు కాలిందని భయపడకండి, సెన్సర్లు చవకే, మార్చుకోవచ్చు.

ఇరుసుకి టార్క్ ఆర్మ్, అంటే ఇరుసు తిరగకుండా పట్టి ఉంచే ఇనప పట్టీ, లేకుండా హబ్ మోటారు బిగించకండి. నేను చెడగొట్టిన బండ్లలో రెండోది దీనివల్లే. మామూలు చక్రంలో ఇరుసు ఊరికే ఉంటుంది, చక్రం దాని చుట్టూ తిరుగుతుంది. హబ్ మోటారులో అలా కాదు, చక్రాన్ని ముందుకు ఎంత బలంగా తోస్తే ఇరుసుని వెనక్కి అంత బలంగా తిప్పుతుంది. దాన్ని పట్టి ఉంచేది ఇరుసు రెండు వైపులా చదునుగా ఉన్న చిన్న భాగమే. చెరువుల సూపర్‌వైజర్ ఒకాయనకి చేసిన బండిలో నట్లు బాగా బిగించాం కదా అనుకున్నాను. ఆయన పాతిక కిలోల మేత బస్తాలు రెండు వేసుకుని గట్టు ఎక్కుతుండగా ఇరుసు, వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్ గాడిలో గిర్రున తిరిగింది. దానిలోంచి బయటకు వచ్చే తీగలు తాడు పేనినట్టు చుట్టుకుని తెగాయి. మూడూ ఒకదానికొకటి తగలగానే చక్రం బ్రేకు వేసినట్టు పట్టేసింది. మెల్లగా పోతున్నాడు కాబట్టి మనిషి బురదలో పడి నవ్వుకుంటూ లేచాడు. కంట్రోలర్ పోయింది, అది నా ఖర్చే. అదే హైవే మీద 50లో జరిగి ఉంటే వెనక లారీ ఉండేది. ఆరు మిల్లీమీటర్ల ఇనప పట్టీకి ఇరుసు కొలతకు సరిగ్గా గాడి కోయించి, రెండో చివర స్వింగ్ ఆర్మ్‌కి బోల్టు వేయించండి. లేత్ పనివాడికి అరపూట పని.

మీది సముద్రం దగ్గర ఊరు కాబట్టి ఇంకో శత్రువు ఉంది: ఉప్పు గాలి. లోతట్టు ఊళ్లవాళ్లకి ఇది అర్థం కాదు. ఏరియేటర్ల మోటార్లు మూడు నెలలకే మూతలు తుప్పు పట్టి నా దగ్గరికి వస్తాయి, అదే గాలి మీ కనెక్టర్లని వదలదు. తీగ కొసకి బిగించే రాగి లగ్గు మీద పచ్చటి పొడి కనపడితే ఆ కీలు దగ్గర కరెంటు కష్టంగా దాటుతోందని అర్థం. కష్టంగా దాటితే వేడి పుడుతుంది. ఇసకపల్లి వైపు బండి ఒకటి ఏడాది బాగానే తిరిగి, ఒకరోజు సీటు కింద ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. విప్పితే బ్యాటరీ కనెక్టర్ ఒక పక్క కరిగిపోయి ఉంది. తగరం పూత ఉన్న లగ్గులు వాడండి, టంకం పెట్టడం కాకుండా హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి, పైన లోపల జిగురు ఉండే స్లీవు ఎక్కించండి. ఆరు నెలలకోసారి విప్పి చూడండి. కంట్రోలర్‌ని ఇంజిన్ ఉన్న చోట కింద కాకుండా సీటు కింద ఎత్తులో పెట్టండి.

నీళ్ల విషయమూ ఇందులోనిదే. హబ్ మోటారులోకి నీళ్లు పోయేది ఇరుసులో తీగలు వచ్చే రంధ్రం గుండానే. అక్కడ సిలికాన్ పెట్టండి, తీగ బయటికి రాగానే ఒకసారి కిందికి వంగి ఆ తర్వాత పైకి పోయేలా కట్టండి, అప్పుడు జారే నీటిచుక్క ఆ వంపులో రాలిపోతుంది. మామూలు వానకి ఇది చాలు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే కొట్టుకుపోయినప్పటి లాంటి నీళ్లలో మాత్రం దించకండి. చక్రం సగానికి పైన నీళ్లుంటే దిగి, కరెంటు కట్టేసి నెట్టుకుపోవడమే.

చార్జింగ్. 87.6 వోల్టులు, 10 ఆంపియర్ల చార్జర్ ఖాళీ బ్యాటరీని నాలుగు గంటల పైచిలుకులో నింపుతుంది. చార్జర్‌లో పోయేది కలిపినా వెయ్యి వాట్లకు అటూఇటూ కాబట్టి ఎర్త్ సరిగా ఉన్న మామూలు సాకెట్ చాలు. ఎండాకాలం బండి దిగగానే పెట్టకండి, గంటసేపు చల్లారనివ్వండి. ఇంటి గుమ్మానికి అడ్డంగా, మెట్ల కింద అస్సలు వద్దు. ఏదన్నా జరిగితే బయటికి వచ్చే దోవే అది.

చెరువు షెడ్డులో చార్జింగ్ పెడదామనుకుంటే ఒక జాగ్రత్త. అక్కడ ఉండేది త్రీ ఫేజ్ లైను. దాంట్లో న్యూట్రల్ తెగితే సింగిల్ ఫేజ్ సాకెట్‌లో 230 బదులు దాదాపు 400 వోల్టుల దాకా రావచ్చు. నా కస్టమర్లలో ఒకరి చార్జర్ అలా పేలింది, పక్కనే పెట్టిన సెల్‌ఫోన్ చార్జరూ, షెడ్డులో బల్బులూ అన్నీ ఒకేసారి పోయాయి. ఆయన మూడు రోజులు చార్జర్ అమ్మినవాడిని తిట్టాడు, తర్వాత లైన్‌మన్ వచ్చి న్యూట్రల్ చూపించాడు. వోల్టేజి ఎక్కువైతే కట్ చేసే చిన్న పరికరం దొరుకుతుంది, షెడ్డు బోర్డులో పెట్టించుకోండి, లేకపోతే ఇంటి దగ్గరే చార్జింగ్ పెట్టుకోండి.

బిగించే పని గురించి పెద్దగా చెప్పేది లేదు, నిజంగా అది రెండు మూడు రోజుల పనే. స్ప్లెండర్ ఫ్రేములో ఇంజిన్ కింద నుంచి కూడా గొట్టాలు పోతాయి కాబట్టి ఇంజిన్ తీసినా ఫ్రేము నిలబడుతుంది. ఆ ఖాళీలోనే బ్యాటరీ పెట్టె కూర్చుంటుంది. ఇంజినే ఫ్రేముని పట్టి ఉంచే బండ్లు కొన్ని ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. ఫ్రేము మీద ఎక్కడా కోయకండి, వెల్డింగ్ పెట్టకండి, పాత ఇంజిన్ బోల్టుల రంధ్రాలకే పెట్టె బిగించండి. బ్యాటరీ ప్లస్ తీగ మీద, బ్యాటరీకి జానెడు దూరంలో డీసీ ఫ్యూజు ఉండాలి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ పెట్టి సరిపెట్టకండి. ఏసీ కరెంటు సెకనుకి వంద సార్లు సున్నాకి వచ్చి పోతుంది కాబట్టి దాని మెరుపు తనంతట ఆరుతుంది. డీసీ మెరుపు అలా ఆరదు, పట్టుకుంటే లాగుతూనే ఉంటుంది. హెడ్‌లైటు, హారన్, ఇండికేటర్లకి 12 వోల్టులు ఇచ్చే కన్వర్టర్ విడిగా పడుతుంది. బ్రేకు పట్టగానే మోటారు ఆగే స్విచ్చి, సైడ్ స్టాండు వేసి ఉంటే కదలని స్విచ్చి, రెండూ పెట్టించండి. మా ఇంట్లో తాళంచెవి ఆన్‌లో ఉన్న బండి థ్రాటిల్‌ని మా చెల్లెలి కొడుకు తిప్పాడు. ఇంజిన్ చప్పుడు లేదు కాబట్టి బండి ఆన్‌లో ఉందని ఎవరికీ తెలియదు. తులసికోట ఒక మూల విరిగింది, పిల్లవాడికి ఏమీ కాలేదు.

పని మొదలుపెట్టేముందు చేతి ఉంగరం, వాచీ, రాగి కడియం తీసి ఇంట్లో పెట్టి రండి. 60 వోల్టులు దాటిన డీసీ ప్రాణం తీయగలదు, మీ ప్యాక్ 87. షాక్ కంటే ముందు జరిగేది, కడియం రెండు కొనల మధ్య పడి ఎర్రగా కాలడం. మా హెల్పర్ మణికట్టు మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. రబ్బరు గ్లౌజులు వేసుకుని, స్పానర్ల పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టుకుని పని చేయండి. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు బండి మెయిన్ స్టాండు మీద, వెనక చక్రం గాల్లో ఉండాలి. చక్రం వెనక్కి తిరిగితే కంగారు పడక తీగల జత మార్చుకోవాలంతే.

బ్రేకులు మాత్రం మర్చిపోకండి. పెట్రోలు బండి థ్రాటిల్ వదలగానే ఇంజిన్ పట్టి నెమ్మదిస్తుంది, ఇది అలా పట్టదు, జారుతూ పోతుంది. ముందూ వెనకా కొత్త షూలు వేయించి, కంట్రోలర్‌లో వేగం 50 దగ్గర కట్టించండి. చప్పుడు లేకపోవడం వల్ల వచ్చే ఇంకో చిక్కు గేదెలు. పెట్రోలు బండికి అవి తల తిప్పి అయినా చూస్తాయి, ఈ బండి తోక దగ్గరికి వచ్చినా పట్టించుకోవు. సాయంత్రం మందలు తిరిగొచ్చే వేళ హారన్ మీద వేలు ఉంచుకోండి.

మీకైతే నేను చెప్పేది ఇది. వచ్చే వారం రోజులు మీరు నిజంగా ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నారో, అందులో గట్టు మీద ఎంత, తారు రోడ్డు మీద ఎంత అనేది కాగితం మీద రాయండి. ఆర్సీ గడువు చూడండి. రోడ్డు తిరుగుడే ఎక్కువ అని తేలితే ఇంట్లో చేసుకునే ఆలోచన మానుకుని, అనుమతి ఉన్న కిట్ వేయించండి. అప్పుడు మీ చేతి పని మిగిలేది చార్జింగ్ పాయింటు, ఆరు నెలల తనిఖీ అంతే. తిరుగుడంతా సొంత గట్ల మీదే అయితే విడి సామాన్లు తెచ్చుకోండి, మొదటి బండికి పక్కన మోటార్లు తెలిసినవాడిని ఒకణ్ని పెట్టుకోండి.

పాత ఇంజిన్ పాతసామాన్ల వాడికి వెంటనే వేసేయకండి. దాని నంబరే ఇప్పటికీ మీ ఆర్సీలో ఉంది. కొత్త ఆర్సీలో మోటారు నంబరు ఎక్కి, కార్డు చేతికి వచ్చేదాకా గోనెసంచిలో చుట్టి, రంధ్రాల్లో కాస్త ఆయిలు పోసి అటక మీద ఉంచండి.